ఈ సెలవుల్లో ఒక శాసనం చూపించండి

సోషల్ ప్రాజెక్ట్ అనగానే చార్ట్ మీద చార్మినార్ బొమ్మ వస్తుంది. అది అతికించింది ఎవరో మాకు తెలిసిపోతూనే ఉంటుంది! ఈసారి దసరాకు ఊరు వెళ్లినప్పుడు ఇంకో పని చేయించండి.

హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది. ఆదిరాజు వీరభద్రరావు గారు దాని కార్యదర్శి. ఊళ్లలో గుళ్ల దగ్గర, చెరువుల దగ్గర ఉన్న రాతి శాసనాలు సేకరించి, మండలి 1935లో ‘తెలంగాణ శాసనములు’ మొదటి భాగం అచ్చు వేసింది. రాజు ఎవరన్నదే కాదు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎంత భూమి ఇచ్చారు అన్నవి కూడా ఇలాంటి రాళ్లే చెబుతాయి.

నకలు తీసే పద్ధతి పిల్లలకు భలే నచ్చుతుంది. రాయి శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి. ఇది నిపుణుల పని. మనకు ఫోటో చాలు. సాయంత్రం ఏటవాలు ఎండలో తీస్తే అక్షరాలు బాగా తేలతాయి. దయచేసి పసుపు, నూనె, సుద్దముక్క రాయనివ్వకండి.

సున్నం కింద, రోడ్డు పనుల్లో పోయే రాళ్లు ఉంటాయి. అలాంటప్పుడు మిగిలేది ఆ ఫోటోనే. అందుకే ఊరి పేరు, రాయి ఉన్న చోటు, తేదీ పిల్లల చేతే రాయించండి. చదవలేకపోయినా ఫర్వాలేదు, క్లాసుకు పంపండి. ఒక్కో అక్షరం కలిసి గుర్తుపడతాం.