పాత కారు ఇంజనులో నూనె ఒత్తిడి తగ్గినచో

హిందుస్థాన్ మోటార్సు వారి అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను ఆ బండ్లు ఇంకను కొన్ని గ్రామములలో తిరుగుచున్నవి. రోగిని ఆసుపత్రికి చేర్చుటకును, పెండ్లివారిని తీసికొనిపోవుటకును వానిని నమ్ముకొన్నవారు గలరు. అట్టి బండిలో నూనె ఒత్తిడి పడిపోయినప్పుడు కొందరు లెక్కచేయక నడిపి ఇంజనును పోగొట్టుకొందురు. మరికొందరు తొందరపడి, స్వల్ప లోపమునకు ఇంజను మొత్తము విప్పించి వేలకొలది రూపాయలు వ్యయము చేయుదురు. ఈ రెండు నష్టములును తప్పవలెనన్న పరీక్ష ఒక క్రమములో జరుగవలెను. ఆ క్రమమును ఇచట వివరింతుము.

ఒత్తిడి ఎట్లు కలుగును?

ఇంజను అడుగుననున్న సంపులోని నూనెను పంపు తోడి, ఫిల్టరు ద్వారా క్రాంకు షాఫ్టు బేరింగులకును, కామ్ షాఫ్టునకును, వాల్వులను నడుపు రాకర్లకును పంపును. బేరింగులలోని సన్నని సందులు ఆ నూనెను అడ్డగించును. ఈ అడ్డగింపు వలననే ఒత్తిడి నిలుచును. కాలువ గట్టునకు గండ్లు పడినచో చివరి మడులకు నీరందనట్లే, బేరింగులు అరిగి సందులు పెరిగినచో నూనె సులువుగా జారిపోయి ఒత్తిడి తగ్గును. పంపు క్షీణించినను, నూనె పలుచబడినను ఫలితమిదియే. కావున గేజి ముల్లు తగ్గుట రోగలక్షణమే గాని రోగము కాదు.

మొదట చేయవలసినది

నడుచుచుండగా ముల్లు హఠాత్తుగా పడిపోయినచో బండిని వెంటనే ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. సమతలమున నిలిపి, పది నిమిషములు ఆగి, నూనె కొలకడ్డీని తుడిచి ముంచి చూడవలెను. నూనె తక్కువైనచో పోసి, ఎక్కడ కారుచున్నదో వెదకవలెను. నూనెకు పెట్రోలు వాసన వచ్చినచో ఇంధనము సంపులోనికి దిగుచున్నదని గ్రహింపవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినదన్నమాట. ఈ రెండింటిలో ఏది కనబడినను, కారణమును సరిచేసి నూనె మార్చువరకు ఇంజను నడుపరాదు.

గేజి నిజము చెప్పుచున్నదా?

నూనె సరిగానున్నచో, బాగుగా పనిచేయునని తెలిసిన మరియొక గేజిని ఇంజనుకు తగిలించి చూడవలెను. 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడర్ పెట్రోలు ఇంజను మంచి స్థితిలో నున్నచో, వేడెక్కి వేగముగా తిరుగునప్పుడు చదరపు అంగుళమునకు సుమారు 50 పౌనులు, నిలిపియుంచి నెమ్మదిగా తిప్పునప్పుడు సుమారు 15 పౌనులు చూపును. చల్లగా నున్నప్పుడు ఎక్కువ చూపుట సహజము. రెండవ గేజి సరియైన అంకెలు చూపినచో దోషము పాత గేజిదో, దాని గొట్టముదో అయియుండును. ఇంజనును విప్పనక్కరలేదు.

అంకెల అర్థము

చల్లగా నున్నప్పుడు మంచి ఒత్తిడి చూపి, వేడెక్కిన పిమ్మట పడిపోయినచో బేరింగుల అరుగుదలనో, పలుచని నూనెనో అనుమానింపవలెను. బరువు లాగునప్పుడు ఇంజను అడుగునుండి మొద్దు చప్పుడు వచ్చినచో బేరింగులపై అనుమానము బలపడును.

చల్లగా నున్నను, వేగము పెంచినను ఒత్తిడి లేవనిచో ముందు రిలీఫ్ వాల్వును చూడవలెను. ఈ ఇంజనులో అది బ్లాకు వెనుకవైపున ఒక గుండ్రని నట్టు క్రింద నుండును. దానిని బయటినుండియే తీయవచ్చును. అందు చెత్త ఇరికినను, స్ప్రింగు విరిగినను నూనె బేరింగులకు అందక తిరిగి సంపులోనికి పోవును. శుభ్రపరచి, అవసరమైనచో స్ప్రింగు మార్చవలెను. స్ప్రింగు క్రింద అదనముగా వాషరులు వేసి ముల్లును పైకెత్తుట రోగమును దాచుటయే.

సంపు దింపుట

ఇంతవరకు లోపము దొరకనిచో సంపు దింపవలెను. బండి క్రింద పనిచేయునప్పుడు జాకీని మాత్రమే నమ్మరాదు. గట్టి స్టాండులు పెట్టవలెను. నూనె పీల్చు జల్లెడ మూసికొనిపోయినదేమో, పంపు అరిగినదేమో చూచి, పిదప బేరింగు మూత విప్పవలెను. బేరింగు పైపూత పోయి రాగిరంగు బయటపడినచో అది మార్చదగినది. అయితే క్రాంకు షాఫ్టును మైక్రోమీటరుతో కొలువక క్రొత్త బేరింగులు వేయింపరాదు. షాఫ్టు కోలగా అరిగియున్నచో క్రొత్తవియు త్వరలోనే పాడగును.

చిక్కని నూనె పోసినచో ముల్లు కొంత లేచును గాని అరిగిన లోహము తిరిగిరాదు. ఖర్చులేని పరీక్షలు ముందు, ఖర్చుగల పనులు తరువాత అను నియమమును యజమానులును, మెకానిక్కులును పాటింపవలెనని మా సలహా. తీసిన పాత నూనెను కాలువలలో పారబోయక డబ్బాలో భద్రపరచి, దానిని సేకరించువారికి అప్పగింపవలెను.