ఖుర్బానీ తర్వాత చర్మం, పేగులు, ఎముకలు: ఏది ఎటు పోవాలి?

బక్రీద్ నాడు హైదరాబాద్ పాతబస్తీలో మాంసానికి పక్కా లెక్క ఉంటుంది. ఇంటికి ఒక వాటా, బంధుమిత్రులకు ఒకటి, పేదలకు ఒకటి. చర్మానికి, పేగులకు, రక్తానికి ఆ లెక్క ఉండదు. పశువుల రోగాలు పాకేది సరిగ్గా అక్కడే. బాగా ఉడికిన మాంసంతో మందకు ముప్పు లేదు. గల్లీ మూలన పారేసిన పచ్చి పేగును మాత్రం కుక్క ఈడ్చుకెళ్లి పక్క తబేలా ముందు పడేస్తుంది. ఇంట్లో మొదటిసారి ఖుర్బానీ చేయిస్తున్నవాళ్లు, బస్తీలో వాలంటీర్లుగా నిలబడేవాళ్లు ఈ వరస పాటిస్తే చాలు.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

పండక్కి ముందు జీహెచ్‌ఎంసీ పంచే కవర్లు, మూత ఉన్న డ్రమ్ము, రెండు టబ్బులు, రబ్బరు గ్లౌజులు, దొడ్డుప్పు, బ్లీచింగ్ పౌడర్, వాషింగ్ సోడా.

1. కోతకు ముందు జంతువును చూడండి

నోటి నుంచి చొంగ కారుతోందా? నాలుక మీద, గిట్టల మధ్య పుండ్లున్నాయా? అయితే గాలికుంటు వ్యాధి కావచ్చు. దాన్ని విడిగా కట్టేసి, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. కబేళాల కోసం 2001లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కోతకు ముందు జంతువుకు విశ్రాంతినిచ్చి, పశువైద్యుడితో పరీక్ష చేయించాలి. ఒక డాక్టరు గంటకు 12, రోజుకు 96 జంతువులకు మించి చూడకూడదు. హడావుడిగా ముద్ర కొట్టే పని కాదన్నమాట. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవు వధను నిషేధించింది. దున్నలాంటి పెద్ద జంతువుకైతే కోతకు తగినదన్న ధ్రువపత్రం ఉండాల్సిందే.

2. ఉన్నట్టుండి చచ్చినదాన్ని కోయకండి

ముక్కులోంచి, మలద్వారంలోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మ రోగమని, అంటే ఆంత్రాక్స్ అని అనుమానించాలి. కళేబరాన్ని కోస్తే లోపలి క్రిములకు గాలి తగిలి గట్టి బీజాలుగా మారతాయి. మట్టిలో పడితే అవి దశాబ్దాలపాటు బతికే ఉంటాయి. 2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలకు ఈ రోగమే వచ్చింది. మన సంతలకు గొర్రెలు దిగేది జిల్లాల నుంచే. అలాంటి కళేబరం తోలు తీయొద్దు, తరలించొద్దు. డాక్టరు వచ్చేదాకా కుక్కలు చేరకుండా కాపలా ఉండండి.

3. కోసిన వెంటనే మూడుగా విడదీయండి

- తినేవి: తలకాయ, పాయ, బోటి, కార్జం.
- ఇచ్చేసేవి: చర్మం, ఎముకలు, కొమ్ములు.
- పారేసేవి: రక్తం, కడుపులోని పేడ, రోగం కనిపించిన భాగాలు.

మూడోది డ్రమ్ములోకే పోవాలి. మొదటి రెండింటికి చెరో టబ్బు. అన్నీ ఒకే టబ్బులో వేస్తే మంచివీ పాడవుతాయి.

4. కార్జాన్ని వెలుగులో పెట్టి చూడండి

కార్జం మీద, ఊపిరితిత్తుల మీద గోళీ నుంచి నిమ్మకాయంత దాకా తెల్లటి తిత్తులు కనిపించవచ్చు. వేలితో నొక్కితే లోపల నీళ్లున్నట్టు తెలుస్తుంది. పగలగొట్టకండి. ఇవి హైడాటిడ్ తిత్తులు. కుక్క వీటిని పచ్చిగా తింటే దాని పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క పెంటతోపాటు వాటి గుడ్లు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెలో మళ్లీ తిత్తులే. మనిషి చేతికి అంటిన గుడ్లు నోట్లోకి పోతే మనిషి కార్జంలోనూ అవే. కుక్కకు పచ్చి కార్జం అందకపోతే ఈ చక్రం ఆగిపోతుంది. తిత్తులున్న భాగాన్ని కవర్లో గట్టిగా ముడివేసి డ్రమ్ములో వేయండి.

5. చర్మానికి వెంటనే ఉప్పు పట్టించండి

పాతబస్తీలో ఖుర్బానీ చర్మాన్ని మదర్సాకు ఇవ్వడం ఆనవాయితీ. ధర పడిపోయాక చాలా చర్మాలు చెత్తకుప్పల పాలవుతున్నాయి. తీసుకెళ్లేవాళ్లెవరో ముందే మాట్లాడి పెట్టుకోండి. కొవ్వు గీకేసి, బొచ్చు కిందికి, మాంసం వైపు పైకి ఉండేలా పరచండి. చర్మం బరువులో దాదాపు సగం దొడ్డుప్పు అంచుల దాకా రుద్దండి. ఎండాకాలమైతే మూడు నాలుగు గంటలు దాటనివ్వొద్దు. ఉప్పు కుళ్లును ఆపుతుంది గానీ రోగాన్ని చంపేస్తుందనుకోవద్దు. గాలికుంటు వైరస్ చావాలంటే 2 శాతం వాషింగ్ సోడా కలిపిన ఉప్పులో 28 రోజులు ఉంచాలన్నది ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఆంత్రాక్స్ బీజాలు ఉప్పుకు లొంగవు. కాబట్టి జబ్బు జంతువు చర్మాన్ని ఎవరికీ ఇవ్వకండి.

6. వ్యర్థాలను జీహెచ్‌ఎంసీ బండికే అప్పగించండి

కవర్లు ముడివేసి, బండి వచ్చేదాకా మూత కిందే ఉంచండి. ఇలాంటి వ్యర్థాలను రెండరింగ్ ప్లాంట్లలో ఉడికించి కొవ్వు, పొడి వేరు చేస్తారు. యూరప్‌లో కట్టుదిట్టమైన పద్ధతి ఏమిటంటే, ముక్కలను 50 మిల్లీమీటర్లకు మించకుండా కోసి, 133 డిగ్రీల వేడిలో, 3 బార్ల పీడనంలో 20 నిమిషాలు ఉంచడం. ఇంటి పొయ్యి మీద అయ్యే పని కాదు. వచ్చే పొడి ఎటు పోతుందన్నదీ ముఖ్యమే. బ్రిటన్‌లో 1986లో బయటపడ్డ పిచ్చి ఆవు వ్యాధి, పశువులకు పశువుల మాంసం, ఎముకల పొడినే దాణాగా పెట్టడం వల్ల వ్యాపించింది. ఎముకల పొడి ఎరువుగా పోవచ్చు, పాడి పశువుల దాణాలోకి మాత్రం పోకూడదు.

7. ముందు కడగండి, తర్వాతే మందు

రక్తం మీద బ్లీచింగ్ చల్లితే క్లోరిన్ రక్తంతోనే ఖర్చయిపోతుంది. ముందు గీకి, కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోయండి. కత్తులు, చెప్పులు లీటరు నీటికి 40 గ్రాముల వాషింగ్ సోడా కలిపి కడగండి. గాలికుంటు వైరస్‌కు ఇది బాగా పనిచేస్తుంది. ఇంట్లో బర్రెలున్నవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే కొట్టంలోకి వెళ్లాలి.

తరచూ జరిగే పొరపాట్లు

- పేగులు నాలాలో వేయడం. నాలా పూడి, వాన పడితే అవే వీధిలోకి తేలతాయి.
- జాలితో కుక్కలకు పచ్చి ముక్కలు వేయడం. వేయాలనుకుంటే బాగా ఉడికించి వేయండి.
- హోటళ్ల ఎంగిలిని పందులకు ఉడికించకుండా పెట్టడం. 2001లో బ్రిటన్ గాలికుంటు విపత్తు ఇలాంటి దాణాతోనే మొదలైందని తేలింది. రోగాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా జంతువులను చంపాల్సి వచ్చింది.
- బండి రాలేదని రాత్రికి రాత్రే కవర్లు రోడ్డు మీద పెట్టేయడం. తెల్లారేసరికి కుక్కలు చింపేస్తాయి. జీహెచ్‌ఎంసీ నంబరు 040-21111111కు ఫోన్ చేసి, బండి వచ్చేదాకా డ్రమ్ము మూత తీయకండి.