జబ్బేదో తేలేదాకా ఎలా గడపాలి?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. కొన్ని నెలలుగా కుడిచేతి పట్టు తగ్గింది, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నారు. కండలు అదురుతున్నాయి. న్యూరాలజిస్టు ‘మోటార్ న్యూరాన్ జబ్బు కావచ్చు, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం’ అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: డాక్టరు దాటవేస్తున్నారని అనుకోకండమ్మా. కండరాలను ఆడించే నరకణాలు క్షీణించే ఈ జబ్బును ఒక్క రక్తపరీక్షతో తేల్చలేం. బలహీనత మరోచోటికి పాకుతోందా అన్నది కొంతకాలం గమనిస్తేనే తెలుస్తుంది. అందుకే ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష) మళ్లీ చేస్తారు. ఈలోగా ఇలాగే కనిపించే, వైద్యం ఉన్న జబ్బులు అవునో కాదో తేల్చుకోవాలి. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినా చేతిపట్టు తగ్గుతుంది. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అనే అరుదైన జబ్బుకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే చాలామందికి బలం మెరుగుపడుతుంది. మెడ ఎంఆర్ఐ, నరాల కండక్షన్ పరీక్ష అయ్యాయా? అడగండి.

అర్ధరాత్రి ఫోన్లో లక్షణాలు వెతకడం ఈరోజే మానేయండి. ఆయన పిడికిలి బలాన్ని రోజూ పరీక్షించకండి, ఇద్దరికీ భయమే మిగులుతుంది. వారానికోసారి తేదీ వేసి పుస్తకంలో రాయండి: బొత్తాలు, తాళంచెవి తిప్పడం, అన్నం కలపడం ఎలా ఉన్నాయని. భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకోవద్దు, ఆయనతో మాట్లాడండి. నిద్రలేమి ఇలాగే సాగితే మీరూ డాక్టరుకు చూపించుకోండి.

స్టెమ్‌సెల్ వైద్యమంటూ ఎవరైనా ఆశపెడితే అప్పు చేసి డబ్బు కట్టకండి. మాట ముద్దగా వస్తున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా మాత్రం మూడు నెలలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి.