రాయగలనా అని సందేహించేవాళ్లకు రాత కొలువులు

కరువొస్తే కడప పల్లెల గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువు పూర్తయినా ఉద్యోగం దొరక్క, తన మీద తనకే నమ్మకం పోయి ఊరు చేరిన ఓ యువకుడు అలాంటి మంద వెంట అడవికి వెళ్లడమే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవల. రచయిత ప్రభుత్వ బడి పంతులుగా పనిచేశారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’ 2019 నవలల పోటీలో ఆ రాతప్రతికి రెండు లక్షల రూపాయల బహుమతి వచ్చింది. రెండేళ్లకు, 2021లో, దర్శకుడు క్రిష్ దాన్ని సినిమాగా తీశారు.

కెరీర్ పేజీలో ఈ ముచ్చట ఎందుకంటే, ఫోన్‌లో నాలుగైదు కథలు దాచుకుని ఎవరికీ చూపించని విద్యార్థులు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. అడిగితే ‘మేమేం రచయితలం కాదులెండి’ అంటారు. రచయిత అంటే పొద్దస్తమానం రాస్తూ కూర్చునే మనిషని వాళ్ల ఊహ. తెలుగులో పేరున్న రచయితల్లో చాలామంది పగలు ఇంకేదో ఉద్యోగం చేసినవాళ్లే. పాలగుమ్మి పద్మరాజు కాకినాడలో సైన్సు లెక్చరర్. ఆయన కథ ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత సినిమాలకూ రాశారు. తన పద్ధతుల మీద, సూత్రాల మీద అపారమైన ధీమా ఉన్న ఓ పెద్దమనిషి ఒక్క తుపాను రాత్రి ఎలా తలకిందులయ్యాడన్నదే ఆ కథ. ధీమా గురించి ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు.

మరి సందేహం పోవాలంటే ఏం చేయాలి? పోదు. అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1938లో ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ రాస్తూ పక్కనే ఒక డైరీ పెట్టుకున్నాడు. తాను అసలు రచయితనే కాదని, నలుగురినీ మోసం చేస్తున్నానని అందులో వాపోయాడు. అదే డైరీలో ఆ రోజు రాయాల్సిన పని ఎంత, ఎంతవరకు వచ్చింది అన్న లెక్కా ఉంటుంది. దాదాపు ఐదు నెలల్లో నవల పూర్తయింది. 1940లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ‘నేను రచయితనా?’ అన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పుకోలేదు, ఆ రోజు పేజీలు మాత్రం నింపాడు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఇదే. ఎవరి కోసం రాస్తున్నాం, ఎన్ని పదాలు, ఎప్పటికి ఇవ్వాలి అనే మూడు విషయాలు తేలితే పెద్ద ప్రశ్న పక్కకు జరుగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ప్రతి వాక్యాన్నీ అనుమానంగా చూసే అలవాటుకు జీతమిచ్చే బల్లలున్నాయి. దినపత్రిక డెస్క్ అలాంటిదే. మండలం నుంచి విలేకరి పంపిన వార్త ఇలా వస్తుంది అనుకుందాం: ‘ద్విచక్ర వాహనంపై ప్రయాణిస్తున్న ఇద్దరు వ్యక్తులు లారీ ఢీకొన్న కారణంగా సంఘటనా స్థలంలోనే మృత్యువాత పడిన ఘటన నిన్న రాత్రి చోటు చేసుకుంది’. సబ్ ఎడిటర్ దాన్ని ‘బైక్‌ను లారీ ఢీకొని ఇద్దరు అక్కడికక్కడే చనిపోయారు’ అని దిద్దుతారు. అంతటితో ఆగరు. ఏ ఊరి దగ్గర, ఎన్ని గంటలకు, పేర్లు పోలీసులే చెప్పారా అని విలేకరికి ఫోన్ చేసి అడుగుతారు. తన రాతనే నమ్మనివాడు ఎదుటివాడి రాతనూ ఊరికే నమ్మడు! ఆ గుణం ఈ కొలువుకు అర్హత. ప్రధాన తెలుగు దినపత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లు నోటిఫికేషన్ ఇచ్చి, రాత పరీక్ష, ఇంటర్వ్యూలతో అభ్యర్థులను ఎంపిక చేసుకుంటాయి. పరీక్షలో తెలుగు, వర్తమాన వ్యవహారాలతో పాటు ఇంగ్లిష్ నుంచి అనువాదం ఉంటుంది. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. అనువాదంలోనే ఎక్కువమంది తడబడతారు కాబట్టి రోజూ ఒక ఇంగ్లిష్ వార్తను తెలుగు చేసి, మర్నాటి పేపర్‌తో పోల్చి చూసుకోవడం మంచి సాధన.

డెస్క్ ఒక్కటే కాదు. ఓటీటీ సిరీస్‌లకు సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ మాటలు, బ్యాంకు యాప్‌లో కనిపించే తెలుగు, ప్రకటనల కాపీ, పాఠ్యపుస్తకాల ప్రూఫులు... అన్నిచోట్లా రాసేవాళ్లు, దిద్దేవాళ్లు కావాలి. డబ్బింగ్‌లో అయితే నటుడి పెదవి కదలికకు సరిపోయేలా మాటను కుదించాలి, సాగదీయాలి. యంత్రాలు ఇప్పుడు తెలుగు అనువాదాన్ని క్షణాల్లో ఇస్తున్నాయి. కానీ అత్తగారిని ‘నువ్వు’ అనిపించే తప్పు పట్టుకోవడానికి మనిషే కావాలి. ఈ పనుల్లో కొత్తవాళ్లకు వచ్చే డబ్బు గొప్పగా ఉండదని ముందే చెప్పుకోవడం మేలు. ఫ్రీలాన్సర్లకు బిల్లు ఆలస్యం మామూలే.

సొంత రచనలతోనే ముందుకెళ్దామనుకునేవాళ్లకూ దారులున్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ అమలు చేస్తున్న పీఎం-యువ పథకం 2021లో మొదలైంది. ముప్ఫై ఏళ్ల లోపువారికి ఉద్దేశించింది. 2025లో నోటిఫికేషన్ వచ్చిన మూడో విడత కథలకు కాదు, వాస్తవాల ఆధారంగా రాసే పుస్తకాలకు; పదివేల పదాల ప్రతిపాదన పంపమన్నారు. ఎంపికైతే ఆరు నెలలపాటు నెలకు 50,000 రూపాయలు, దారి చూపే మార్గదర్శకులు. తెలుగులోనూ రాయవచ్చు. సాహిత్య అకాడెమీ 2011 నుంచి 35 ఏళ్లలోపు రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. 2012లో వేంపల్లె షరీఫ్‌కు ‘జుమ్మా’ కథలకు, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్‌కు ‘ఢావ్లో’ కథలకు వచ్చింది. ఒకరు సీమ ముస్లిం కుటుంబాల బతుకు రాశారు, ఇంకొకరు బంజారా తండాల జీవితాన్ని రాశారు. ఇంట్లో మాట్లాడే యాస రాతకు పనికిరాదని జంకేవాళ్లు ఈ రెండు పుస్తకాలూ ముందు చదవాలి.

కథల పోటీలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ఆదివారం అనుబంధాలు, వారపత్రికలు నడిపేవి కొన్ని. నమస్తే తెలంగాణ దినపత్రికతో కలిసి ముల్కనూరు ప్రజా గ్రంథాలయం నిర్వహించేది మరొకటి. పోటీ ప్రకటనలో కింద చిన్న అక్షరాల్లో ఉండే నిబంధనలే అసలు చూడాల్సినవి. కథ సొంతమని, అనువాదమో అనుసరణో కాదని, ఇంకెక్కడా ప్రచురణకు పంపలేదని హామీపత్రం జత చేయమంటారు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథ కూడా ప్రచురితమైనట్టే లెక్కని చాలాచోట్ల స్పష్టంగా రాస్తారు. తొందరపడి గోడ మీద పెట్టేసి, తర్వాత అదే కథను పోటీకి పంపి అనర్హులయ్యేవాళ్లున్నారు. మామూలు ప్రచురణకు పంపినా, ఎంపిక కాకపోతే చాలా పత్రికల నుంచి జవాబే రాదు. ఆ మౌనం వెనక కథ బాగోకపోవడమే ఉండనక్కర్లేదు. పేజీలో చోటు లేకపోవచ్చు, సంక్రాంతికి సంక్రాంతి కథే కావాల్సి రావచ్చు. మూడు నెలలు చూసి, ఒక మెయిల్‌తో కథను వెనక్కి తీసుకుంటున్నట్టు తెలిపి, ఇంకోచోటికి పంపడం సబబు.

ఇక కాగితాల సంగతి. ఆడియో యాప్‌లు, ప్రచురణ సంస్థలు ఇచ్చే ఒప్పందంలో ఏయే హక్కులు, ఎన్నేళ్లకు అడుగుతున్నారో చూడకుండా సంతకం పెట్టకూడదు. ఆడియో హక్కుతో పాటు సినిమా, వెబ్ సిరీస్ హక్కులను కూడా శాశ్వతంగా రాయించుకునే వాక్యం ఉంటే తీసేయమని అడగవచ్చు. నవల సినిమా అయ్యే రోజున ఆ ఒక్క వాక్యమే లెక్కకొస్తుంది. పుస్తకం వేస్తామంటూ రచయితనే డబ్బు అడిగితే, ఎన్ని కాపీలు వేస్తారు, ఎక్కడ అమ్ముతారు, మిగిలినవి ఎవరివి అన్నది కాగితం మీద ఉండాలి. సినిమా కథైతే నిర్మాతకు వినిపించే ముందే తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకోవాలి.