బిడ్డ క్షేమమే ప్రమాణం

భార్యాభర్తలు సామరస్యం చెడి వేరుపడదలచినప్పుడు న్యాయస్థానం ముందుకు వచ్చే ప్రశ్నలలో మిక్కిలి కఠినమైనది, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది. ఇంటిని పంచవచ్చు, నగలను తూచి ఇవ్వవచ్చు. బిడ్డ విషయంలో అటువంటి వీలు లేదు. ఈ ప్రశ్నకు మన చట్టం చెప్పే సమాధానం ఎట్లా మారుతూ వచ్చిందో గ్రహించాలంటే 'తరువాత' అనే ఒక చిన్న మాట చరిత్రను తెలుసుకోవాలి.

1956నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షను, మైనరు బిడ్డకు తండ్రి సహజ సంరక్షకుడనీ, అతని తరువాత తల్లి అనీ పేర్కొన్నది. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండాలని కూడా ఆ సెక్షనులోనే ఉన్నది. అనగా పాలిచ్చి, జోలపాడి, నడక నేర్పే బాధ్యత తల్లిది. బిడ్డ పేరిట సంతకం చేసే అధికారం తండ్రిది.

1984లో రచయిత్రి గీతా హరిహరన్ తమ కుమారుని పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనదలచి, భర్త సమ్మతితోనే, సంరక్షకురాలిగా తాము సంతకం చేసి దరఖాస్తు పంపారు. తండ్రి సంతకమైనా ఉండాలి, లేదా తగిన అధికారి ఇచ్చిన సంరక్షకత్వ ధ్రువపత్రమైనా ఉండాలి అంటూ బ్యాంకు దానిని తిప్పిపంపింది. దంపతులిద్దరూ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. పర్యావరణవేత్త వందనా శివ పిటిషను కూడా దీనితో కలిసి విచారణకు వచ్చింది. ఆమె సంసారంలో విడాకుల వ్యాజ్యం నడుస్తున్నది; బిడ్డకు సహజ సంరక్షకుణ్ణి తానొక్కడినేనని భర్త వాదన.

1999 ఫిబ్రవరిలో వెలువడిన తీర్పు ఆ చిన్న మాటకు కొత్త వెలుగునిచ్చింది. 'తరువాత' అంటే తండ్రి మరణించిన పిమ్మట అని అర్థం కాదు, బిడ్డ ఆలనాపాలనలో తండ్రి లేనప్పుడు అని అర్థమని న్యాయమూర్తులు నిర్ణయించారు. తండ్రి బిడ్డను పట్టించుకోకపోయినా, వేరుగా నివసిస్తూ బాధ్యత తల్లికే వదిలినా, వ్యాధిచేత అశక్తుడైనా, అతడు జీవించి ఉండగానే తల్లి సహజ సంరక్షకురాలు కాగలదు. అయితే ఇది సగం విజయమే. సెక్షనును కోర్టు కొట్టివేయలేదు. తల్లిదండ్రులిద్దరికీ సమాన హోదా కల్పించాలని 2015లో లా కమిషను తన 257వ నివేదికలో సిఫారసు చేసినా, చట్టంలోని వాక్యం అట్లాగే నిలిచి ఉన్నది.

సంరక్షకత్వం వేరు, బిడ్డను దగ్గర ఉంచుకొని పెంచే కస్టడీ వేరు. కస్టడీ తగవులో తల్లి హక్కు, తండ్రి హక్కు రెండూ వెనుకకు పోతాయి. బిడ్డ క్షేమమే ముందు నిలుస్తుంది. 1956 చట్టంలోని 13వ సెక్షను సారాంశమిదే. అన్ని మతాలవారికీ వర్తించే 1890నాటి సంరక్షకుల చట్టం కూడా, తెలిసి చెప్పగల వయస్సు వచ్చిన బిడ్డ అభిప్రాయాన్ని పరిశీలించవచ్చునని చెబుతుంది. పెద్దవారు ముందుగా నూరిపోసిన మాటలను బిడ్డ సొంత మాటల నుండి వేరుచేయడం న్యాయమూర్తికి సులభమైన పని కాదు. బిడ్డ ఒకరి వద్ద ఉన్నంత మాత్రాన రెండవవారికి దూరం కారాదు. సెలవులలో కలిసే ఏర్పాటుతోపాటు, ఫోనులో, వీడియోలో మాట్లాడుకొనే అవకాశం కూడా కల్పించాలని 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో సూచించింది.

ఇక పోషణ సంగతి. మన ప్రాంతపు కోర్టులలో దీనిని మనోవర్తి అంటారు. 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను క్రింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలుండేది కాదు. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా కదలని ఆ పరిమితిని 2001లో తొలగించారు. 2024 జులై 1 నుండి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి రాగా, ఈ నియమం అందులో 144వ సెక్షనుగా ఉన్నది. ఆదాయాన్ని దాచి పేదరికం నటించేవారు ఎక్కువ కావడంతో, ఉభయులూ తమ ఆస్తులనూ అప్పులనూ ప్రమాణపత్రంలో వెల్లడించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బిడ్డను చూడనివ్వలేదని మనోవర్తి ఆపే తండ్రులూ, మనోవర్తి రాలేదని బిడ్డను చూపని తల్లులూ ఉన్నారు. ఈ రెండూ వేర్వేరు బాధ్యతలు. ఒకటి తప్పినందుకు రెండవది ఎగగొట్టే వీలు లేదు. ఆ పంతాల నడుమ బడి ఫీజు గడువు దాటిపోయేది మాత్రం బిడ్డకే.