అండర్‌పాస్ కింద కనపడని గుంత

నల్లద్దాలకు మన దగ్గర 'కూలింగ్ గ్లాసులు' అని ఎవరు పేరు పెట్టారో గాని, ఆ పేరే నన్ను ముంచింది. మా అత్తమ్మ ఇప్పటికీ చలువ అద్దాలంటుంది. చలువ అన్నాక ఎంత నల్లగా ఉంటే అంత మేలు అనుకున్నాను. హైవే పక్కన గొడుగు వేసుకుని అమ్మే ఆయన దగ్గర బేరమాడి, ఉన్నవాటిలో బొగ్గులా ఉన్న జత ఏరి, నూటయాభై రూపాయలకు మా వాడికి కొనిపెట్టాను. వాడికప్పుడు పన్నెండేళ్ళు. గేర్ల సైకిలు కొని వారం కాలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వాడు సైకిలు మీద, వెనకాల నేను స్కూటీ మీద. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పట్టుకుని పెద్ద గోల్కొండ వైపు పోతే, ఆ వేళప్పుడు సూర్యుడు సరిగ్గా మొహం మీదే ఉంటాడు. వాడి నల్లద్దాలు చూసి, మంచి పని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. కాసేపటికి రింగ్ రోడ్డు కిందినుంచి అవతలికి దాటే అండర్‌పాస్ వచ్చింది. మండే వెలుగులోంచి వాడు ఒక్కసారిగా నీడలోకి దూరాడు. అక్కడ మొన్నటి వానకు పడ్డ గుంత ఉంది. ముందు చక్రం అందులో దిగింది, వాడు హ్యాండిల్ మీంచి కింద పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. అది పెద్ద సంగతి కాదు, సైకిలు నేర్చినవాళ్ళలో ఎవరికి చెక్కుకోలేదు గనుక! నన్ను భయపెట్టింది అద్దం. అది రెండు ముక్కలై, ఒక అంచు కనుబొమ్మను గీరింది. కంటికి అంగుళం ఎడం కూడా లేదు. ఏమైంది బిడ్డా అంటే, "ఏం కనవడలే అమ్మా, అంతా చీకటయింది" అన్నాడు.

అమ్మిన ఆయన్ని అనడానికి ఏం లేదు. నూటయాభైకి ఏం వస్తుందో అదే ఇచ్చాడు. అడగాల్సినవి అడగనిది నేనే. ఆ తర్వాత కళ్ళ డాక్టర్లనూ, పాత సైక్లిస్టులనూ విసిగించి తెలుసుకున్నవి మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. మీ పిల్లలూ సైకిలు మోజులో ఉంటే నాలాగా పప్పులో కాలెయ్యకుండా ఉంటారని.

మా శంషాబాద్ సంగతి కొంచెం చెప్పాలి. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు వచ్చింది, ఆ ఏడాది నవంబరులోనే గచ్చిబౌలి నుంచి ఇక్కడి దాకా రింగ్ రోడ్డు ముక్క తెరిచారు. మొత్తం 158 కిలోమీటర్ల రోడ్డు, కాని అసలు రోడ్డు మీదికి రెండు చక్రాల బండిని రానివ్వరు. అందుకని సైకిళ్ళన్నీ సర్వీసు రోడ్ల మీదే. ఇది కాక 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు వచ్చింది. ఒక కొమ్మ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు, ఇంకొకటి నార్సింగి నుంచి కొల్లూరు వరకు. పైన సౌర ఫలకాల కప్పు ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా తగలదు. మీ పిల్లలు అక్కడే తొక్కుతారంటే నల్లద్దాల అవసరం అంతగా లేదు. రంగులేని తెల్లద్దాలు చాలు, దుమ్మూ పురుగూ ఆపితే సరిపోతుంది.

కాని పిల్లలు నున్నటి ట్రాకుతో తృప్తి పడతారా! నర్కుడ, అమ్మపల్లి గుడి దారులూ, కొత్వాల్‌గూడ వైపు బండరాళ్ళ మధ్య మొరం బాటలూ కనిపిస్తే వదలరు. ఇంకాస్త పెద్దయితే వికారాబాద్ అనంతగిరి అడవి అంటారు. మౌంటెన్ బైకింగ్ అంటే అదే. అక్కడ ఎండ రెండో శత్రువు. ముందుపోయేవాడి వెనక చక్రం ఎగజిమ్మే గులకరాయి, తుమ్మకొమ్మ, వానల తర్వాత సాయంత్రం పూట ముసిరే పురుగులు మొదటి శత్రువులు. ఇరవై కిలోమీటర్ల వేగంలో కంట్లో పురుగు పడితే పిల్లవాడు ఒక చేత్తో కన్ను నులుముకుంటాడు, రెండో చేత్తో బ్రేకు వెతుక్కుంటాడు. ఆ రెండు క్షణాలు చాలు పడడానికి.

అందుకని మొట్టమొదట చూడాల్సింది అద్దం దేనితో చేశారన్నది. పాలీకార్బొనేట్ అని రాసి ఉంటే తీసుకోండి. రాయి తగిలితే గీత పడొచ్చు, లోపలికి గుంట పడొచ్చు గాని, సామాన్యంగా ముక్కలవదు. కార్ఖానాల్లో పనివాళ్ళు పెట్టుకునే రక్షణ కళ్ళద్దాలు కూడా చాలావరకు దీనితోనే చేస్తారు. గాజు అద్దాలు ఎంత అందంగా ఉన్నా సైకిలుకు వద్దు. పాలీకార్బొనేట్‌కు ఇంకో గుణం ఉంది: అతినీలలోహిత (యూవీ) కిరణాలను తనంతట తానే దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, రంగు వెయ్యకపోయినా సరే.

నేను పొరబడింది సరిగ్గా ఇక్కడే. నలుపుకూ ఆ కిరణాలకూ చుట్టరికం లేదు. నలుపు వెలుగును తగ్గిస్తుంది, అంతే. కిరణాలను ఆపేది అద్దం గుణం. యూవీ 400 అని ఉంటే 400 నానోమీటర్ల దాకా ఉన్న కిరణాలను ఆపుతుందని అర్థం. ఆ గుణం లేకుండా ఉత్త నలుపు మాత్రమే ఉంటే ఇంకా చేటు. చీకటి అనుకుని కంటిపాప విచ్చుకుంటుంది, దొంగకు తలుపు బార్లా తీసిపెట్టినట్టు. పైగా పిల్లల కంటి లోపలి కటకం పెద్దలకన్నా స్వచ్ఛంగా ఉంటుంది కాబట్టి ఈ కిరణాలు ఇంకా లోతుకు పోతాయి. మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో యూవీ సూచిక 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 3 నుంచే జాగ్రత్త మొదలవ్వాలి, 11 అంటే తీవ్రాతితీవ్రం. ఏళ్ళ తరబడి ఎండ తిన్న కళ్ళలో శుక్లాలు తొందరగా వస్తాయి, తెల్లగుడ్డు మీద కండ పెరుగుతుంది. పొలం పని చేసిన మన పెద్దవాళ్ళను చూడండి. స్టిక్కరు నమ్మబుద్ధి కాకపోతే, కాస్త పెద్ద కళ్ళద్దాల దుకాణంలో యూవీ కొలిచే చిన్న యంత్రం ఉంటుంది, అడిగితే పెట్టి చూపిస్తారు.

ఇక నలుపు ఎంత ఉండాలి? దానికి అంతర్జాతీయంగా ఒక లెక్క ఉంది. కేటగిరీ 0 నుంచి 4 దాకా. 0 అంటే తెల్లద్దం, నూటికి 80 వంతుల పైనే వెలుగు లోపలికొస్తుంది. 1లో 43 నుంచి 80 వంతులు, 2లో 18 నుంచి 43. 3 అంటే మన వేసవి ఎండకు సరిపోయేది, 8 నుంచి 18. ఇక 4లో 3 నుంచి 8 వంతులే, అది మంచు పర్వతాలెక్కేవాళ్ళ కోసం. దాన్ని పెట్టుకుని బండి నడపకూడదని నియమం కూడా ఉంది. కాడ లోపలివైపునో, పెట్టెతో వచ్చే కాగితంలోనో ఈ అంకె ఉంటుంది. మా వాడి నూటయాభై జత మీద ఏ అంకే లేదు.

బయలు రోడ్డుకు 3. చెట్లూ, అండర్‌పాసులూ, బండల నీడలూ కలగలిసిన దారికి 1 గాని 2 గాని. అనంతగిరి లాంటి చోట ఎండ, నీడ, ఎండ, నీడ అని నేల చారలు చారలుగా ఉంటుంది. అక్కడ 3 పెట్టుకుంటే ఎండలో హాయి, నీడలో గుడ్డితనం. గోధుమ, నారింజ, గులాబి ఛాయల అద్దాలు మట్టిలో రాయినీ వేరునూ విడదీసి చూపిస్తాయి. బూడిద రంగు అద్దం రంగులను ఉన్నవున్నట్టు చూపిస్తుంది గాని నేల ఎత్తుపల్లాలను అంతగా పట్టివ్వదు. మబ్బు రోజులకు పసుపు బాగుంటుంది. అద్దాలు మార్చుకునే జతలు దొరుకుతాయి, ఒక ఫ్రేము, రెండు మూడు అద్దాలు. నా ఓటు వాటికే, ఒకటి పోతే మొత్తం కొనక్కర్లేదు.

వెలుగును బట్టి తమంతట తామే నల్లబడేవి కూడా ఉన్నాయి, ఫోటోక్రోమిక్. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కాని వాటికి వేడి సరిపడదు. చలిలో బాగా నల్లబడే అద్దం మన మే నెల ఎండలో అంతగా నల్లబడదు. నల్లబడ్డాక తెల్లబడడానికి నిమిషాలు పడుతుంది, అండర్‌పాస్‌కు కావాల్సింది ఒక్క క్షణంలో. ఎక్కువ ధర పోసి పిల్లలకు కొనాల్సిన వస్తువు కాదని నా అభిప్రాయం.

పోలరైజ్డ్ అన్న మాటకు కూడా మనం మురిసిపోతాం. హిమాయత్‌సాగర్ గట్టు మీద సాయంత్రం నిలబడితే నీళ్ళ మీంచి కళ్ళలోకి కొట్టే మెరుపును అది చక్కగా తీసేస్తుంది, కాదనను. అయితే తడి రోడ్డు మీది నీటి మెరుపును కూడా తీసేస్తుంది, ఆ మెరుపే మనకు జారుతుందని చెప్పే గుర్తు. సైకిలు మీటరు తెర కొన్ని కోణాల్లో నల్లగా కనబడుతుంది. చెరువు దగ్గర షికారుకు మంచిది, మొరం బాటకు అవసరం లేదు.

మా వాడికి మాత్రం అద్దమంటే అద్దంలా మెరవాలి, మొహమంతా కప్పెయ్యాలి. ఆ మోజుకు మూలం ఎక్కడో వెతికితే ఓక్లీ అనే అమెరికా కంపెనీ దగ్గర తేలింది. 1975లో మోటారు సైకిళ్ళ హ్యాండిల్ గ్రిప్పులతో మొదలైన కంపెనీ అది. 1986లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన తొలి అమెరికన్ గ్రెగ్ లెమాండ్ వాళ్ళ పెద్ద అద్దాలు పెట్టుకున్నాక సైకిలు లోకమంతా వాటి వెంట పడింది. మెరిసే పూత వల్ల చూపుకు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు, కొంత వెలుగు వెనక్కి కొడుతుంది. కాని పెద్ద అద్దం వల్ల పక్కలనుంచి గాలీ దుమ్మూ రావు, అది నిజమైన లాభమే. అద్దం సంగతి నేను చూసుకుంటా, ఫ్రేము రంగు నీ ఇష్టం అని వాడితో ఒప్పందం చేసుకున్నాను. చిలకపచ్చ తెచ్చుకున్నాడు. నాకు నచ్చలేదు, నోరు మూసుకున్నాను. నచ్చని జత పిల్లవాడి మొహం మీద ఉండదు, బ్యాగులో ఉంటుంది.

దుకాణానికి హెల్మెట్ తీసుకెళ్ళండి. ఇది మటుకు మరవకండి. హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి, ఆ పైన అద్దాలు పెట్టించి చూడాలి. కాడలు హెల్మెట్‌కు తగిలి అద్దాలు పైకి లేస్తున్నాయా? నవ్వమంటే బుగ్గలు ఫ్రేమును తోస్తున్నాయా? కనురెప్పలు అద్దానికి రాసుకుంటున్నాయా? తల కిందికి వంచి ఊపమనండి, జారిపోతే ఆ జత వద్దు. పెద్దల సైజు కొని రెండేళ్ళు వస్తాయిలే అనుకోవడం చెప్పులకు నడుస్తుందేమో గాని దీనికి నడవదు. ఆపై అద్దాలను చేతికందినంత దూరంలో పట్టుకుని, వాటిలోంచి తలుపు చట్రాన్ని చూస్తూ మెల్లగా అటూ ఇటూ కదపండి. నిటారు గీత పాములా మెలికలు తిరిగితే అది తలనొప్పి తెచ్చే అద్దం.

అసలు వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది. మా వీధిలో ఒక పాప సైకిలెక్కితే చాలు ఏదో ఒకదానికి గుద్దేది. అజాగ్రత్త అని ఇంట్లో అక్షింతలు. చివరికి చూపిస్తే దూరపు చూపు లేదని తేలింది. 2018 ఆగస్టులో మొదలైన ప్రభుత్వ కంటి వెలుగు శిబిరంలో మా అత్తమ్మకు అద్దాలొచ్చాయి, కాని ఇంట్లో పిల్లల కళ్ళు చూపించాలని అప్పుడు మాకు తట్టనే లేదు. మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో 1987 నుంచి ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. ఏటా ఒకసారి చూపించండి. పవరుంటే, ఆ పవరుతోనే పాలీకార్బొనేట్ అద్దాలు చేయించండి, లేదా లోపల పవరు అద్దం బిగించే స్పోర్ట్స్ ఫ్రేము అడగండి. పవరద్దాలు తీసేసి నల్లద్దాలు పెట్టుకుని తొక్కనివ్వడం కళ్ళకు గంతలు కట్టి పంపడమే.

ఇంకో మాట. ఎండలు ముదిరేసరికి కొందరు పిల్లలకు, మగపిల్లలకు మరీ ఎక్కువగా, కళ్ళు ఎర్రబడి ఒకటే దురద, తీగలు సాగే పుసి. దుమ్మూ ఎండా దాన్ని పెంచుతాయి, కాబట్టి పక్కలు మూసుకున్న అద్దాలు అలాంటివాళ్ళకు మందుతో సమానం. మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చి నెలల తరబడి వెయ్యకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే అప్పటికి దురద తగ్గుతుంది గాని, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోయే దాకా రావచ్చు. డాక్టరు చెప్పినన్ని రోజులే.

ఆరుబయట వెలుగు పిల్లలకు మంచిదట, హ్రస్వదృష్టి రాకుండా కాస్తుందట, మరి అద్దాలు పెడితే ఆ మేలు పోదా అని మా ఆడపడుచు అడిగింది. మంచి ప్రశ్న. ఇంట్లో దీపాల కింద వెలుగు కొన్ని వందల లక్సులు. నడి ఎండలో లక్ష దాకా ఉంటుంది. కేటగిరీ 3 అద్దం అందులో నూటికి ఎనిమిది నుంచి పద్దెనిమిది వంతులే వదిలినా, ఇంటి వెలుగుకు ఎన్నో రెట్లు. కాబట్టి ఆ భయం అక్కర్లేదు, బయటికి పంపండి. ఎయిర్‌పోర్టు గోడ పక్కన ఆగి విమానాలు చూస్తూ సూర్యుడి వైపు మాత్రం చూడొద్దని చెప్పండి. ఏ నల్లద్దమూ దానికి సరిపోదు, గ్రహణం రోజైతే మరీను.

ఇంటికొచ్చాక చొక్కా అంచుతోనో చున్నీతోనో తుడిస్తే మొరం దుమ్మే గరుకు కాగితమై అద్దాన్ని గీస్తుంది. ముందు నీళ్ళ కింద పెట్టాలి, చుక్క సబ్బు, ఆ తర్వాత మెత్తటి గుడ్డ. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఫ్రేము వంకర పోతుంది.

మొన్న ఆదివారం మా వాడు అమ్మపల్లి దాకా పోయి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కుళాయి కింద ఆ చిలకపచ్చ జత పెట్టి కడుగుతున్నాడు. వాడి చెల్లెలు తన గులాబి జత కూడా తెచ్చి చేతిలో పెట్టబోయింది. "నీది నువ్వే కడుక్కో" అన్నాడు. అది మూతి ముడుచుకుని స్టూలు తెచ్చుకుంది, కుళాయి అందడానికి.