అభ్యాసం కూసువిద్య

విద్యను ఆర్జించడం ఒక ఎత్తు, ఆర్జించిన దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. చక్కగా పండే పొలమైనా ఒక్క ఏడు బీడు పెడితే కలుపుతో నిండిపోతుంది. మరుసటి ఏడు విత్తనం వేయబోయే రైతు ముందుగా ఆ కలుపుతో పోరాడవలసి వస్తుంది. వాడుకలో లేని విద్య స్థితి కూడా ఇటువంటిదే. ఇంటివద్దనే పిల్లలకు గణితం బోధించుకొనే కుటుంబాలకు ఈ సత్యం మరింత స్పష్టంగా అనుభవంలోకి వస్తుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పిల్లలను బడికి పంపకుండా తల్లిదండ్రులే ఇంట్లో చదువు చెప్పుకోవడానికి 1993 నాటికి యాభై రాష్ట్రాలలోనూ చట్టబద్ధమైన అవకాశం ఏర్పడింది. నియమాలు మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. అక్కడి ఉన్నత పాఠశాల గణితంలో చిరకాలంగా ఒక వరుస పాటింపబడుతున్నది. మొదటి ఏడు బీజగణితం, రెండవ ఏడు రేఖాగణితం, మూడవ ఏడు మళ్లీ బీజగణితంలో రెండవ భాగం. ఇంట్లో చదివే విద్యార్థులలో పలువురు ఈ వరుసనే అనుసరిస్తారు. మొదటి బీజగణితానికీ, రెండవ బీజగణితానికీ నడుమ ఉన్న ఆ ఒక్క ఏడాదిలోనే చిక్కంతా ఉంది.

అటువంటి ఇంటిలో పదిహేనేళ్ల బాలిక ఒకతె ఉన్నదనుకుందాం. వర్గసమీకరణాలను కారణాంకాలుగా విడదీయడం ఆమె చక్కగా నేర్చుకున్నది. తరువాతి సంవత్సరమంతా త్రిభుజాలతో, వృత్తాలతో, నిరూపణలతో గడిచింది. మూడవ ఏడు మొదటిరోజున ఎదురైన వర్గసమీకరణాన్ని చూసి ఆమె కలం కదలదు. “ఇది నాకెప్పుడూ రాలేదమ్మా” అంటుంది. తల్లి పాత నోటుపుస్తకం తెచ్చి తెరుస్తుంది. పుట వెంట పుట సరైన సమాధానాలు, అన్నీ ఆ బాలిక చేతివ్రాతలోనే. అయినా అవి ఆమెకు పరాయివిగా తోస్తాయి. ఇక్కడ అసలు ప్రమాదం మరచిపోవడం కాదు. ‘గణితం నాకు అబ్బదు’ అనే నిశ్చయానికి రావడమే ప్రమాదం. బడిలోనైతే ఈ లోపాన్ని పదిమంది ఉపాధ్యాయులు పంచుకుంటారు. ఇంట్లో ఆ భారమంతా తల్లిదండ్రుల మనస్సుమీదనే పడుతుంది.

మరపు మందబుద్ధికి గుర్తు కాదు, మనస్సుకు సహజమైన ధర్మం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల కూర్పులను కంఠస్థం చేసి, తనమీద తానే పరీక్షలు జరుపుకొని, ఆ ఫలితాలను 1885లో ప్రకటించాడు. నేర్చిన కొద్దికాలంలోనే మరపు వేగంగా సాగుతుందనీ, ఆపైన దాని వేగం తగ్గుతుందనీ ఆయన గమనించాడు. అంతకంటె ఊరట కలిగించే విషయం మరొకటి ఉంది. మరచినట్లు తోచినదానిని తిరిగి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. విద్య సమూలంగా నశించదు, బూడిద కప్పిన నిప్పువలె లోపల నిలిచే ఉంటుంది.

ఈ రెండు శాఖలను ఏడాదికొకటిగా విడదీయడం అనివార్యమేమీ కాదు. 1892లో అమెరికా జాతీయ విద్యాసంఘం, హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఇలియట్ నాయకత్వాన పదిమంది సభ్యులతో ఒక సంఘాన్ని నియమించింది. మొదటి ఏడు బీజగణితం చదివిన తరువాత రేఖాగణితాన్ని ఆరంభించి, ఆపై రెండేళ్లు రెండింటినీ పక్కపక్కనే నడపాలని ఆ సంఘపు నివేదికలో గణిత నిపుణులు సూచించారు. ఆచరణలో మాత్రం అనేక పాఠశాలల్లో ఏడాదికొక శాఖ అన్న పద్ధతే నిలిచిపోయింది. తెలుగునాట తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు బీజగణితాన్నీ రేఖాగణితాన్నీ ఒకే ఏడాదిలో చదువుతారు. అందువల్ల ఇంత దీర్ఘమైన ఎడబాటు వారికి కలగదు.

నిజానికి ఈ రెండు శాస్త్రాలు ఏనాటినుంచో తోబుట్టువులు. భారతీయ గణితజ్ఞులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, దానిని తొలి అక్షరంతో సూచించేవారు. 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు లీలావతిలో ఒక వెదురు లెక్క చెప్పాడు. 32 మూరల వెదురు గాలికి విరిగి, దాని కొన మొదలునుంచి 16 మూరల దూరాన నేలను తాకింది. అది ఎంత ఎత్తున విరిగింది? బొమ్మ గీస్తే లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. నిలిచిన భాగం ‘య’ అయితే విరిగి వాలిన భాగం 32 − య. అదే కర్ణం. కనుక య² + 256 = (32 − య)². కుడివైపును విస్తరిస్తే 1024 − 64య + య² వస్తుంది. ఇరువైపులా య² తొలగగా 64య = 768, అంటే య = 12 మూరలు. బొమ్మను గీసినది రేఖాగణితం, ముడి విప్పినది బీజగణితం. 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ ప్రకటించిన రేఖాగణిత గ్రంథం ఈ చెలిమికి విశాలమైన బాట వేసింది.

కాబట్టి రేఖాగణితం చదివే ఏడాదిలో బీజగణితాన్ని వేరుగా మోయవలసిన పని లేదు, పాఠంలోనే కలిపి నేయవచ్చు. రెండు రేఖలు ఖండించుకొన్నప్పుడు ఏర్పడే శీర్షాభిముఖ కోణాలు 3య + 10, 5య − 20 డిగ్రీలు అనుకుందాం. అమెరికా పుస్తకాలలో నిరూపణను రెండు వరుసలలో వ్రాస్తారు. ఎడమవైపు వాక్యం, కుడివైపు కారణం. ఈ లెక్కనూ అలాగే వ్రాయించాలి. 3య + 10 = 5య − 20, కారణం శీర్షాభిముఖ కోణాలు సమానం. 3య + 30 = 5య, కారణం ఇరువైపులా 20 కలపడం. 30 = 2య, కారణం ఇరువైపులా 3య తీసివేయడం. చివరకు య = 15, కోణం 55 డిగ్రీలు. ఇంతకాలం యాంత్రికంగా చేసిన మెట్లకు ఇప్పుడు హేతువు కనిపిస్తుంది.

కారణాంకాల విభజనకూ చోటు దొరుకుతుంది. ఒక దీర్ఘచతురస్రం పొడవు వెడల్పుకంటె 3 ఎక్కువ, కర్ణం 15. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం య² + (య + 3)² = 225. దీనిని సరళీకరిస్తే య² + 3య − 108 = 0, అంటే (య + 12)(య − 9) = 0. విలువలు రెండు వచ్చినా, వెడల్పు రుణసంఖ్య కాజాలదు గనుక 9 మాత్రమే నిలుస్తుంది. సమాధానాన్ని నమ్మేముందు దానిని బొమ్మతో సరిచూడడం విద్యార్థికి అలవడుతుంది.

అయితే పాఠంలో తటస్థపడని అంశాలూ కొన్ని ఉంటాయి. వాటికై రోజూ పాఠానికి ముందు ఒక పావుగంట కేటాయిస్తే చాలు. నాలుగైదు లెక్కలు, అవి కూడా భిన్నమైన అధ్యాయాలనుంచి, పుస్తకం మూసి చేయవలసినవి. లెక్కలను ఇలా కలగలపడంలోని మేలును డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రకటించారు. నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణాలను ఒక బృందం రకంవారీగా, మరొక బృందం కలగలుపుగా సాధన చేసింది. సాధన వేళ మొదటి బృందమే ముందున్నది. వారం తరువాత జరిపిన పరీక్షలో మాత్రం మొదటి బృందానికి సగటున 20 శాతం, రెండవ బృందానికి 63 శాతం వచ్చాయి. ఏ పద్ధతి వాడాలో ప్రతిసారీ తానే ఎంచుకోవలసి రావడం వల్ల విద్యార్థికి పట్టు చిక్కుతుంది.

పావుగంట గంటగా పెరగకూడదు. పెరిగితే రేఖాగణితంలోని నిరూపణానందం అడుగంటుతుంది. తప్పు వచ్చినపుడు అది బొమ్మను అర్థం చేసుకోవడంలో వచ్చినదా, కుండలీకరణాలను విప్పడంలో గుర్తు మారడం వల్ల వచ్చినదా అని విడమరచి చూడాలి. లేకపోతే గుర్తు తప్పినందుకు రేఖాగణితమే రాదని బిడ్డ బెంగపడవచ్చు. తల్లిదండ్రులు తాము మరచినదానిని దాచుకోనక్కరలేదు. బిడ్డ పక్కన కూర్చొని అవే నాలుగు లెక్కలు తామూ చేస్తే, మరపు సిగ్గుపడవలసినది కాదని బిడ్డ గ్రహిస్తుంది.

అభ్యాసం కూసువిద్య అన్న పెద్దల మాట ఒక్క ఇంటికో, ఒక్క దేశానికో పరిమితమైనది కాదు. పాత నోటుపుస్తకంలోని చేతివ్రాత తనదేనని నమ్మలేకపోయిన బాలిక, రోజుకొక పావుగంట సాధనతో ఆ పుటలను మళ్లీ తనవి చేసుకోగలదు. ఏడాది పొడవునా ఆ పావుగంటను విడువకపోతే మూడవ ఏడు ఆమె కలం ఆగదు.

ప్రశ్నలు

1. రేఖాగణితం చదివే ఏడాదిలో బీజగణితం మరపున పడడానికి కారణాలను వివరించండి.
2. బీజగణిత, రేఖాగణితాల అనుబంధాన్ని వెదురు లెక్క ఆధారంగా నిరూపించండి.
3. “అసలు ప్రమాదం మరచిపోవడం కాదు” – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
4. కలగలుపు సాధన వల్ల కలిగే ప్రయోజనమేమిటి?